ఫుయెంతె దగ్గర వేరు చేయవలెను

చచ్చిపోయిన యంత్రం ఏది చేతికొచ్చినా రొసల్బీనా సువెస్కా ముందు దాన్ని చెవికి ఆనించుకుంటుంది. ఇస్త్రీపెట్టె కానీ, రేడియో కానీ, రెండు ముక్కలైన సెల్‌ఫోను కానీ, మొదట కళ్ళు మూసుకుని కాసేపు వినాల్సిందే. స్క్రూడ్రైవరు తీసేది ఆ తర్వాతే. ఏం వినిపిస్తోందని ఆమెను అడగనివాళ్ళు సిరగోచా ఊళ్ళో లేరు. "నిద్రపోతోంది, గట్టిగా మాట్లాడకండి" అంటుంది.

ఈ అలవాటు ఆమె ఏడో ఏట మొదలైంది. ఆ రోజుల్లో కొండ మీద ఇళ్ళు ఎవరో గుప్పిటితో విసిరేసినట్టు ఎక్కడెక్కడో ఉండేవి. బడి అంతకన్నా దూరం. అందుకని బడే రేడియోలో కూర్చుని ఇంటికి వచ్చేది. ఆలుగడ్డల చేలో పని ముగించుకుని అందరూ పొయ్యి చుట్టూ చేరితే, ఒకే ఒక్క స్టేషను పలికే ఆ పెట్టెలోంచి ఒక పెద్దమనిషి గొంతు వచ్చేది. "ఇప్పుడు మొదటి అక్షరం రాయండి. దాని పొట్ట గుండ్రంగా ఉండాలి సుమా." రొసల్బీనా బొగ్గుముక్కతో పలక మీద రాసి పెట్టెకు ఎత్తి చూపించేది. పెట్టె ఒక్క క్షణం ఆగి, "చాలా బాగుంది" అనేది. అదే క్షణంలో దేశంలోని వేలాది పొట్టలన్నిటికీ కలిపి ఆ మెప్పు దక్కేదన్న సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఒక వానాకాలం రేడియో మూగబోయింది. తండ్రి వెనక చెక్క ఊడదీసి చూపించాడు. లోపల నాలుగు తీగలు, ఒక సాలెపురుగు. అక్షరాలు నేర్పింది సాలెపురుగేనని నమ్మడానికి రొసల్బీనా సిద్ధపడింది కానీ గొంతు సరిపోలలేదు. ఆ పెద్దమనిషి ఎటు వెళ్ళాడన్న విచారణ అప్పటినుంచీ యాభై ఒక్క ఏళ్ళుగా, ఎక్కడా వాయిదా పడకుండా సాగుతూనే ఉంది. మధ్యలో ఒక పెళ్ళి జరిగింది. భర్త మంచివాడే. పచ్చల గనిలో పనికని వెళ్ళి అక్కడే ఇంకో సంసారంలో కుదురుకున్నాడు. ఆయన పేరును కూడా ఆమె నిద్రపోతున్నవాళ్ళ జాబితాలో చేర్చుకుని, మూడు చక్రాల తోపుడుబండి ఒకటి చేయించుకుంది.

ఆ బండితో మంగళవారం, శనివారం ఊరంతా తిరిగి అట్టపెట్టెలు, సీసాలు, పాడైన కరెంటు సామాను పోగుచేసేది. ఈ పనిలో ఆమెకంటూ కొన్ని నియమాలు ఉన్నాయి. తీగల్ని కాల్చి రాగి తియ్యకూడదు, చెరకుగడ ఒలిచినట్టు చాకుతో ఒలవాలి. పాత టీవీ గాజుబుడ్డిని పగలగొట్టకూడదు, నిద్రపోయే పసిపాపలా మోసుకెళ్ళాలి. ఉబ్బిన బ్యాటరీ కనిపిస్తే మారుమాట లేకుండా ఇసుక పోసిన డబ్బాలో పెట్టాలి. నెలకోసారి రాజధాని నుంచి వచ్చే వ్యాను వీటిని పట్టుకెళ్ళేది. అన్నిటికన్నా పెద్ద నియమం ఇంకొకటి ఉంది. ఏ యంత్రాన్నయినా దాని కథ వినకుండా తీసుకోకూడదు.

"ఏం జబ్బు చేసింది, సుమెర్సే?"

సుమెర్సే అంటే 'తమ దయ' అని. ఆ కొండల్లో ఎవరు ఎవరినైనా అలాగే పిలుస్తారు. వీధికుక్కను తరిమేటప్పుడు కూడా "దయచెయ్యండి, సుమెర్సే" అనే రాయి విసురుతారు. రొసల్బీనా ప్రశ్నలో మర్యాద ఒక్కటే కాదు, లెక్క కూడా ఉంది. ఏ అవయవం పోయిందో తెలిస్తే ఏ అవయవం బతికుందో తెలుస్తుంది. కానీ ఊరివాళ్ళు అడిగినదానికి మాత్రం జవాబు చెప్పి ఊరుకునే రకం కాదు. మిక్సీ పోయిందంటే అది ఏ పెళ్ళికి వచ్చిందో, ఆ పెళ్ళిలో ఎవరు అలిగారో, అత్తగారు బతికున్నన్నాళ్ళూ అందులో ఏ పండ్లరసం తిప్పారో అన్నీ రావాలి. ఆమె బండి ఒక వీధి దాటేసరికి పొయ్యి మీది పాలు పొంగిపోయేవి.

ఇలా ఉండగా ఒక సోమవారం పురపాలక సంఘం వారి వ్యాను మైకు తగిలించుకుని పొగమంచులోంచి బయటికి వచ్చింది.

"గౌరవనీయులైన పౌరులకు విజ్ఞప్తి! నేటినుంచి ప్రతి ఇల్లు, ప్రతి దుకాణం తమ చెత్తను ఫుయెంతె దగ్గరే వేరు చేయవలెను! ఫుయెంతె దగ్గరే!"

ఇంతే చెప్పి వ్యాను మళ్ళీ మంచులోకి వెళ్ళిపోయింది. ఫుయెంతె అనే మాటకు అక్కడి భాషలో రెండు అర్థాలు. మొదటిది, ఒక వస్తువు పుట్టే చోటు. చదువుకున్నవాళ్ళు వాడతారు. రెండోది, నీళ్ళు చిమ్మే ఫౌంటెన్. దాన్ని అందరూ వాడతారు. ఊరి చౌకులో అలాంటిది ఒకటి ఉంది కూడాను.

రొట్టెల కొట్టు నడిపే దోన్యా లియోవిహిల్దా, అంటే లియోవిహిల్దా అమ్మగారు, చేతికి అంటిన పిండి దులుపుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. "రొసల్బీనా! చెత్తకు మంత్రిగారు మీరే కదా. ఏమంటున్నారండీ వాళ్ళు?"

ఆ వేళ రొసల్బీనా వినయంగా "నాకూ తెలీదు" అని ఉంటే ఈ కథ ఉండేది కాదు. కానీ ఎవరైనా సలహా అడిగితే ఆమెకు రేడియో పెద్దమనిషి పూనేవాడు. గొంతు సవరించుకుని, ఒక్క క్షణం ఆగి అంది:

"స్పష్టంగానే చెప్పారుగా, సుమెర్సే. ఫుయెంతె దగ్గర. మనకు ఎన్ని ఫుయెంతెలు ఉన్నాయి? ఒక్కటే."

"ఎండిపోయి పదకొండేళ్ళయిందిగా?"

"అందుకే మరి. దాన్ని ఏదో ఒకదానికి వాడాలని పెద్దలు ఆలోచించారు."

ఊరికి ఈ తర్కం ఎంతగా నచ్చిందంటే, మొదటిసారి సర్కారు వారి మాట అర్థమైందని చాలామంది సంతోషపడ్డారు. పైగా ఆ ఫౌంటెన్ సరిగ్గా ఇందుకే పుట్టినట్టుండేది. ఎనిమిది రేకుల పువ్వులా చెక్కిన రాతి తొట్టి. ఒక రేకులో అట్టలు, ఒక రేకులో సీసాలు, ఒకదాంట్లో తీగలు, ఒకదాంట్లో సర్క్యూట్ పలకలు. మధ్యలో నోరు తెరిచిన రాతి చేప ఒకటి, పదకొండేళ్ళుగా ఏదో చెప్పబోయి ఆగిపోయినట్టు ఉండేది. దీనికి కుస్తోదియో అనే కాపలాదారు ఉన్నాడు. మోటారు కాలి నీళ్ళు ఆగిపోయినా ఆయన ఉద్యోగం ఆగలేదు. రోజూ ఉదయం రువానా అనే ఉన్ని శాలువా కప్పుకుని వచ్చి, మోటారు గది తాళానికి నూనె రాసి, తాళం తియ్యకుండా వెళ్ళిపోయేవాడు. ఇప్పుడు తన చేప చుట్టూ జనం చేరడం చూసి, నీలం టోపీ ఇస్త్రీ చేయించుకున్నాడు.

శనివారాలు తిరునాళ్ళలా తయారయ్యాయి. రొసల్బీనా తొట్టి గట్టు మీద పీట వేసుకుని కూర్చునేది. జనం బల్లలు తెచ్చుకునేవాళ్ళు. వేడి పానకంలో జున్నుముక్కలు వేసుకుని తాగుతూ, ఒక్కొక్కరే లేచి తమ యంత్రం జీవితచరిత్ర చెప్పేవాళ్ళు. ఎండ పలచగా పడుతూ ఉంటే, ఎనిమిది రేకుల్లో గాజూ రాగీ తళతళలాడుతూ ఉంటే, రొసల్బీనాకు తానొక పెద్ద రేడియో లోపల కూర్చున్నట్టు, ఊరంతా దానిలోంచే మాట్లాడుతున్నట్టు అనిపించేది. ఆ పెద్దమనిషి కూడా ఇలాంటి చోట కూర్చునే మాట్లాడి ఉంటాడు. ఇంతమంది గొంతులుండగా లోపల ఎవరూ లేరని ఎవరు అనగలరు?

ఇంకొక వింత కూడా జరిగింది. ఇంట్లో మూటకట్టి పారేసేటప్పుడు ఎవరికీ పట్టని చెత్త, నలుగురి ముందూ రేకుల్లో సర్దేసరికి మాట్లాడటం మొదలుపెట్టింది. ఫాదరీగారి ఇంటినుంచి వచ్చిన సోంపు సారా సీసాలను లియోవిహిల్దా పైకే లెక్కపెట్టింది.

"తొమ్మిది. ఇవన్నీ ఒక్క వారంలోనే పవిత్రమయ్యాయండీ?"

మరుసటి వారం మూడే వచ్చాయి. మందుల కొట్టాయన మాత్రకో సంచి ఇవ్వడం మానేశాడు. పురపాలక గుమాస్తాలు ఒకే ఉత్తరాన్ని పదేసి సార్లు అచ్చువేసి పారేస్తున్నారని బయటపడ్డాక, కాగితాల రేకు సన్నబడింది. లియోవిహిల్దా కొట్టులో రొట్టెలకు గుడ్డసంచులు వచ్చాయి. ఆమె సిగ్గుపడి కాదు, తన సంచుల గురించి ఫాదరీగారు వచ్చే వారం ప్రసంగంలో మాట్లాడతారని అనుమానం వచ్చి. రెండు నెలల్లో ఊరి చెత్త సగమైంది.

అప్పుడు ఇంజనీరమ్మ వచ్చింది.

పేరు దార్లీస్. పుట్టింది సముద్రతీరపు ఎండలో. రెండు స్వెట్టర్లు వేసుకుని, వాటిమీద ఇంకొకటి వేసుకోలేనందుకు బాధపడుతూ, జిల్లా కార్యాలయం తరఫున తనిఖీకి దిగింది. పది ఇళ్ళు తిరిగింది. పది వంటిళ్ళలోనూ ఒకే బుట్ట, అందులో అన్నీ కలిసి ఉన్నాయి. చివరికి చౌకులో పీట మీద ఉన్న రొసల్బీనా దగ్గరికి వచ్చింది.

"అమ్మా, ఇక్కడ చెత్త సేకరణకు గుర్తింపు కార్డు నీదేనా? ఒక్క ఇంట్లోనూ రెండు సంచులు లేవేంటి?"

"ఎందుకు, సుమెర్సే? అంతా ఫుయెంతె దగ్గరే చేస్తున్నాంగా. మైకులో చెప్పినట్టే."

దార్లీస్ తొట్టి వైపు చూసింది. చేప వైపు చూసింది. మొదట నవ్వింది. ఎంతలా నవ్విందంటే కాసేపు ఆమెకు చలి తెలియలేదు.

"ఈ ఫుయెంతె కాదమ్మా! ఫుయెంతె అంటే చెత్త పుట్టే చోటు. వంటిల్లు, కొట్టు, ఆఫీసు బల్ల. పుట్టిన చోటే వేరు చెయ్యమని."

రొసల్బీనా కూడా చేప వైపు చూసింది. "మరి వంటిల్లు అని చెప్పి ఉండొచ్చుగా?" అంది.

"వంటిల్లు అని రాస్తే మా పై ఆఫీసరు సంతకం పెట్టడు."

నవ్వు అయిపోయాక దార్లీస్ పక్కన కూర్చుని అసలు సంగతి చెప్పింది. ఆమె చేతిలో ఒక ఫారం ఉంది. అందులో ఒకే ప్రశ్న: ఇళ్ళలో వేరు చేస్తున్నారా? అవును, కాదు. 'కాదు' అయితే ఊరి చెత్త నగరంలోని కంపెనీ లారీకి వెళ్తుంది. లారీ అన్నిటినీ కలిపి నలిపి ఎక్కడో గోతిలో పోస్తుంది. రొసల్బీనా కార్డు రద్దవుతుంది. బండి ఉంటుంది కానీ వీధుల్లో తిప్పే హక్కు ఉండదు.

"రెండింటికీ మధ్యలో ఇంకో గడి లేదా, సుమెర్సే?"

"లేదమ్మా. నాకు ఇదంతా భలే నచ్చింది. కానీ ఫారానికి నచ్చదు. పదిహేను రోజులాగి వస్తా. అంతకన్నా ఆపలేను."

మర్నాటినుంచి రొసల్బీనా ఇల్లిల్లూ తిరిగింది. తప్పు తనదేనని, ఫుయెంతె అంటే వంటిల్లని, ఇకమీదట ఇంట్లోనే రెండు సంచులు పెట్టాలని చెప్పింది. అందరూ మర్యాదగా విన్నారు. శనివారం అందరూ యథాప్రకారం కలగలిసిన మూటలతో చౌకుకే వచ్చారు.

"ఇంట్లో ఒక్కదాన్నే కూర్చుని వేరు చెయ్యాలా?" అంది లియోవిహిల్దా. "ఎవరితో మాట్లాడుతూ? చీపురుతోనా? మీరే కదండీ మాకీ అలవాటు చేసింది!"

"నా కార్డు పోతుంది, సుమెర్సే."

"పోదు లెండి. ఫారం కూడా కాగితమేగా. తీసుకురండి, కాగితాల రేకులో వేద్దాం."

రొసల్బీనా కుస్తోదియో చేత "ఇక్కడ చెత్త వేయరాదు" అని అట్ట మీద రాయించి చేప మెడకు తగిలించింది. మధ్యాహ్నానికల్లా అది అట్టల రేకులో ఉంది. అంతవరకూ జనం సరిగ్గానే నేర్చుకున్నారని రొసల్బీనా ఒప్పుకోక తప్పలేదు.

దార్లీస్ వెళ్ళి ఎనిమిది రోజులు గడిచాయి. తొమ్మిదో రోజు మధ్యాహ్నం, తొట్టి గట్టుకు వీపు ఆనించి, టోపీ ముఖం మీదికి లాక్కుని ఆమె కునుకు తీసింది. కలలో చేప నోట్లోంచి నీళ్ళు వస్తున్నాయి. ఎనిమిది రేకులూ నిండి, వాటిలో మిక్సీలు, రేడియోలు, ఇస్త్రీపెట్టెలు తామరాకుల్లా మెల్లగా తిరుగుతున్నాయి. ఏదీ మునగడం లేదు. గట్టు చుట్టూ ఊరంతా చేతుల్లో మూటలతో నిలబడి ఉంది. ఎవ్వరూ ఏమీ వెయ్యడం లేదు. నిండిన నీళ్ళలో చెత్త వెయ్యడానికి ఎవరికి చేతులొస్తాయి? ఎక్కడినుంచో ఆ పాత గొంతు "చాలా బాగుంది" అంది.

కళ్ళు తెరిచేసరికి ఎదురుగా లియోవిహిల్దా, ఆమె వెనక నలుగురు మోస్తున్న బట్టలుతికే యంత్రం.

"లేవండి, శవం వచ్చింది."

రొసల్బీనా అలవాటుగా లేచి, యంత్రానికి చెవి ఆనించింది. "ఏం జబ్బు చేసింది, సుమెర్సే?"

లియోవిహిల్దా గట్టు మీద కూర్చుని తీరిగ్గా మొదలుపెట్టింది. ఏ క్రిస్మస్‌కు కొన్నారో, మొదటి రోజే మొగుడి ఎర్ర చొక్కా ఇంటిల్లిపాది బట్టలమీదా ఎలా రంగు విడిచిందో, దుప్పట్లంటే దానికి ఎంత ఇష్టమో. "చివరికి డ్రమ్ము తిరగడం మానేసిందండీ. ముసలమ్మ కీళ్ళలా కీచుమని అరిచి అరిచి బిగుసుకుపోయింది. కానీ ఒక్క మాట చెప్పాలి. నీళ్ళు బయటికి పొయ్యడంలో మాత్రం ఆఖరి రోజుదాకా దానికి సాటి లేదు. పెరట్లో పైపు వదిలేస్తే అవతల గోడ మీది కోడి తడిసిపోయేది!"

రొసల్బీనా మెల్లగా చేప నోటి వైపు చూసింది. గోడ ఎంత ఎత్తు, చేప ఎంత ఎత్తు?

"గోడ ఎంత ఎత్తుంటుందండీ?"

"నా భుజందాకా. ఎందుకు, కోడిని పరామర్శిస్తారా?"

ఆ సాయంత్రం యంత్రం పొట్ట విప్పి, అడుగునున్న నీటి పంపును ఆమె బయటికి తీసింది. గుప్పెడంత ఉంది. తోడుకు, అంతకు ముందు వచ్చిన మూడు యంత్రాల పంపులు ఉండనే ఉన్నాయి. వాటి కథలన్నీ ఆమెకు గుర్తే. రెండు నీళ్ళు పొయ్యలేకే పోయాయి, ఒకదాని పంపు మాత్రం బతికుంది. పగలు ఒకటి అలిసిపోతే ఇంకొకటి పనిచేస్తుంది.

మర్నాడు ఆమె కుస్తోదియోను అడిగింది. ఆయన టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"పదకొండేళ్ళుగా కాపలా ఉన్నాను, దోన్యా రొసల్బీనా. ఇప్పుడు నీళ్ళు వస్తే నేనేం చెయ్యాలి?"

"చూడండి."

"అంతేనా?"

"ఇన్నాళ్ళూ అదేగా చేశారు. ఇప్పుడు చూడటానికి ఏదో ఉంటుంది."

ఆయన టోపీ మళ్ళీ పెట్టుకున్నాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు: "నీళ్ళు వస్తే ఇక్కడ మీ పీట ఉండదు. ఆ సంగతి ఆలోచించారా?"

ఆలోచించింది. యంత్రం విప్పినప్పటినుంచీ ఆమె అదే ఆలోచిస్తోంది. కార్డు దక్కాలంటే శనివారాలు మునగాలి. ఊరంతా ఒకే పెట్టెలోంచి మాట్లాడినట్టుండే ఆ ఉదయాలు, ఎనిమిది రేకుల మీద పడే ఎండ, ఇవన్నీ నీళ్ళ అడుక్కి వెళ్తాయి. మళ్ళీ ఒక్కతే బండి తోసుకుంటూ గుమ్మం గుమ్మం తిరగాలి. పోనీ లారీనే రానిస్తే? అప్పుడు ఆ మిక్సీలూ రేడియోలూ కథ చెప్పుకోకుండానే గోతిలో పడతాయి. వాటి నిద్ర సంగతి ఎవరు చూస్తారు?

"తాళం తియ్యండి, సుమెర్సే" అంది.

పదకొండేళ్ళు నూనె తాగిన తాళం తాకగానే ఊడింది. కుస్తోదియోకు గర్వంతో కళ్ళు చెమర్చాయి. శుక్రవారం ఇద్దరూ రేకుల్లోని సామానంతా బండికి ఎత్తి, రాయి కడిగి, మోటారు గది గుంటలో బిందెలతో నీళ్ళు నింపి పంపులు బిగించారు. తీగల పని కుస్తోదియోది. తడి తగలకుండా మూడు పొరలు చుట్టాడు, నాలుగోది తృప్తి కోసం చుట్టాడు. శనివారం ఉదయం చౌకులో పొగమంచు విడుతుండగా మీట నొక్కాడు. చేప మొదట దగ్గింది. తుప్పు రంగు నీళ్ళు ఒక్క గుక్క ఉమ్మింది. ఆ తర్వాత, భుజమెత్తు, దారమంత సన్నటి ధార ఒకటి లేచి, వంగి, మొదటి రేకులో పడింది.

జనం మూటలతో వచ్చారు. వచ్చినవాళ్ళు వచ్చినచోటే ఆగిపోయారు. ఫాదరీగారు సీసాలను రువానా కిందికి లాక్కున్నారు. ఎవరూ ఏమీ వెయ్యలేదు.

"మరి ఇవి ఎక్కడ వెయ్యాలండీ?" అంది లియోవిహిల్దా, ఆ ఊళ్ళో పుట్టాక మొదటిసారి గొంతు తగ్గించి.

"ఇంట్లో వేరు చేసి తీసుకురండి. రెండు సంచులు. కరెంటు సామాను విడిగా. నేను బండి పట్టుకుని ఇక్కడే ఉంటాను."

"మరి కథలు?"

రొసల్బీనా బండి వైపు చూసింది, ధార వైపు చూసింది.

"కథలు తడవవు కదండీ" అంది. "తెచ్చుకోండి."

గొణుక్కుంటూ వెళ్ళారు. గంటలో తిరిగొచ్చారు, రెండేసి సంచులతో. రెండు నెలల తర్ఫీదు చేతుల్లోనే ఉంది కాబట్టి పని ఇట్టే అయిపోయిందని, మిగిలిన పొద్దంతా కూర్చోవడానికేనని తేలింది. బల్లలు వచ్చాయి. పానకం వచ్చింది.

దార్లీస్ బుధవారం వచ్చింది, ఈసారి మూడు స్వెట్టర్లతో. పదిహేడు వంటిళ్ళు చూసింది. పదహారింట్లో రెండు సంచులున్నాయి. పదిహేడో ఇంటివాళ్ళు నాలుగు పెట్టారు, ఎందుకైనా మంచిదని. గట్టు మీద కూర్చుని ఫారంలో గీత గీసి, సంతకం పెట్టింది. తలెత్తేసరికి రొసల్బీనా తడిసిన రాతికి చెవి ఆనించి, కళ్ళు మూసుకుని ఉంది. రాయి లోపల చిన్న పంపు గుర్రుగుర్రుమంటోంది.

"ఏం వినిపిస్తోందమ్మా?"

రొసల్బీనా కళ్ళు తెరవకుండానే వేలు పెదవుల మీద పెట్టుకుంది.

"లియోవిహిల్దాగారి దుప్పట్లు" అంది. "ఇంకా ఉతుకుతూనే ఉంది, సుమెర్సే."